అట్టపెట్టెలో బొమ్మరిల్లు

పెద్దల పనులను అనుకరిస్తూ పసిపిల్లలు ఆడే ఆటలకు తెలుగులో చాలా పాత పేర్లున్నాయి. చిన్న చిన్న పిడతలలో ఇసుకనో, అటుకులనో పోసి వండినట్లు, వడ్డించినట్లు నటించే ఆటను మన పూర్వులు గుజ్జెనగూళ్ళు అన్నారు. బమ్మెర పోతన భాగవతం దశమస్కంధంలో రుక్మిణీదేవి బాల్యాన్ని వర్ణిస్తూ, ఆమె చెలికత్తెలతో కూడి బొమ్మలకు పెండ్లిండ్లు చేసేదనీ, గుజ్జెనగూళ్ళు వండించి వారికి పెట్టించేదనీ చెప్పాడు. విదర్భ రాజకుమారి ఆడిన ఆట, నేడు వాకిట్లో కూర్చొని మూడేండ్ల పాప ఆడే ఆట ఒకటే. వాడుకలో దానిని ‘ఉత్తుత్తి వంట’ అంటున్నాం. ఉత్తుత్తి వంట, ఉత్తుత్తి అంగడి, ఉత్తుత్తి బడి, అమ్మానాన్నల ఆట - ఇవన్నీ ఒకే కోవకు చెందినవి.

ఈ ఆటలకు పరికరాలు కావాలి. లక్కపిడతలు అందుకే పుట్టాయి. ఏటికొప్పాక శిల్పులు అంకుడు కర్రతో, కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కర్రతో, నిర్మల్ చిత్రకారులు తమ రంగుల నేర్పుతో ప్రసిద్ధికెక్కిన బొమ్మలను చేశారు. అయితే ఇవి కొనుక్కోవలసిన బొమ్మలు. వీటితో పాటు కొనుగోలుకు సంబంధం లేని మరొక బొమ్మల పరంపర మన పల్లెలలో ఉండేది. తాటాకు చీల్చి పెండ్లికొడుకునూ పెండ్లికూతురునూ చేసేవారు. ముంజలు తినగా మిగిలిన తాటిబుర్రలను పుల్లకు గుచ్చి బండి కట్టేవారు. జొన్న పండే తెలంగాణ పల్లెలలో సొప్పదంటు పైపొరను ఒలిచి, లోపలి మెత్తని బెండును ముక్కలుగా కోసి, ఆ ఒలిచిన పేళ్ళనే పుల్లలుగా గుచ్చి ఎడ్లబండి, నాగలి, కళ్ళజోడు తయారుచేసేవారు. ఏ పంట పండితే దాని శేషంతోనే బొమ్మ. ఆ రోజుల్లో ఎవరూ దీనిని వ్యర్థాల పునర్వినియోగం అనలేదు. ఆట అనే అన్నారు.

సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని తెల్లాపూర్ ఆ జొన్నచేల ప్రాంతంలోనిదే. జొన్న మొదలైన మెట్టపంటలపై పరిశోధనలు చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972లో దీనికి చేరువలోని పటాన్‌చెరులోనే వెలసింది. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో పారిశ్రామికవాడలు ఈ నేల స్వరూపాన్ని మార్చివేశాయి. 2018లో తెల్లాపూర్ పురపాలక సంఘంగా ఏర్పడింది. మరుసటి ఏడాది ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చింది. నేడు ఇక్కడ ఆకాశాన్నంటే నివాస భవనాలు ఒక వైపు, వాటిని కట్టడానికి ఒడిశా, బీహారు, పాలమూరుల నుంచి వచ్చిన కూలీల రేకుల గుడిసెలు మరొక వైపు కనిపిస్తాయి. నడుమ ఒక ప్రహరీగోడ. ఆ గోడకు ఇరువైపులా పసిపిల్లలు ఉన్నారు. ఇరువైపులా పుష్కలంగా దొరికే వస్తువు జొన్నబెండు కాదు, అట్టపెట్టె. చెప్పుల జత నుంచి శీతలయంత్రం వరకు ప్రతిదీ అట్టపెట్టెలోనే ఇల్లు చేరుతోంది. మన కాలపు పంట ఇది. దాని శేషం ఈ పెట్టె.

అట్టపెట్టెతో బొమ్మ చేయడం తేలిక. చేసిన బొమ్మను పిల్లవాడు తనదిగా స్వీకరించడం అంత తేలిక కాదు. ఈ సంగతిని శూద్రకుడు ఏనాడో గుర్తించాడు. ఆయన రచించిన సంస్కృత నాటకం పేరే మృచ్ఛకటికం, అంటే మట్టిబండి. నిరుపేదయైన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొంటాడు. ఆ పిల్లవాడు తన బండిని తీసుకొనిపోగా, దాసి రదనిక మట్టితో బండి చేసి ఇస్తుంది. బాలుడు దానిని ముట్టక, బంగారుబండే కావాలని ఏడుస్తాడు. చూచిన వసంతసేన కరిగిపోయి తన నగలను ఆ మట్టిబండిలో నింపి, వీటితో బంగారుబండి చేయించుకొమ్మంటుంది. తరువాత ఆ నగలే న్యాయస్థానంలో చారుదత్తునికి ప్రాణాంతకమైన సాక్ష్యంగా పరిణమించాయి. మట్టిబండిలో లోపమేమీ లేదు. అది పొరుగింటి బండికి బదులుగా వచ్చింది, అదే దాని లోపం. ‘నీకు అది లేదు గనుక ఇది’ అంటూ ఇచ్చిన ఏ బొమ్మకైనా ఇదే గతి. చెత్తతో చేసిన బొమ్మలను పేదపిల్లలకు పంచే సేవాకార్యక్రమాలను చూచినప్పుడు నాకు రోహసేనుని కన్నీరు గుర్తుకు వస్తుంది. అట్టపెట్టె పొయ్యి గోడకు రెండు వైపులా ఉండదగిన బొమ్మ. కొన్న బొమ్మలతో అల్మారా నిండిన పిల్లవానికి దాని అవసరం మరికొంత ఎక్కువేమో కూడా.

ఎందుకో తెలియాలంటే ఉత్తుత్తి ఆట లోపల ఏమి జరుగుతున్నదో తెలియాలి. బిడ్డకు సుమారు ఏడాదిన్నర వయసు దాటిన తరువాత ఈ ఆట మొదలవుతుంది. ఖాళీ గిన్నెను నోటికి ఆనించి తాగినట్లు చేయడం తొలి మెట్టు. మూడు నుంచి ఐదేండ్ల నడుమ అది కథగా, పాత్రలుగా, సంభాషణగా విస్తరిస్తుంది. రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో బాలల ఆటపై చేసిన ప్రసంగంలో కర్రగుర్రాన్ని ఉదాహరణగా తీసుకొన్నాడు. చిన్నబిడ్డకు వస్తువు, దాని అర్థం విడదీయరానివి. గుర్రం కంటికి కనిపిస్తేనే గుర్రమనే భావం కలుగుతుంది. కర్రను కాళ్ళ నడుమ పెట్టుకొని ‘ఇది గుర్రం’ అన్న క్షణాన ఆ భావం గుర్రం నుంచి విడివడి కర్రను ఆశ్రయిస్తుంది. ఎదుట లేనిదాన్ని మనసులో నిలుపుకొనే శక్తి అక్కడ రూపు దిద్దుకొంటుంది. గీతలను చూసి అక్షరాన్నీ, అక్షరాన్ని చూసి మాటనూ గ్రహించడానికి కావలసింది ఆ శక్తియే.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ‘ఈ పెట్టె పొయ్యి వలె ఉన్నది’ అంటే ఉపమ. ‘ఈ పెట్టెయే పొయ్యి’ అంటే రూపకం. పిల్లలు ఉపమ జోలికి పోరు. నేరుగా రూపకంలోకి దిగుతారు. అలంకారికులు అభేదం అన్నది వారికి పుట్టుకతో అబ్బినట్లుంటుంది.

వైగోట్‌స్కీ మరొక మాట కూడా చెప్పాడు. కర్ర గుర్రం కాగలదు గాని పోస్టుకార్డు గుర్రం కాజాలదు; దానిపై ఎక్కి కూర్చోవడం కుదరదు గదా! బొమ్మ చేసేవారికి ఇంతకు మించిన సూత్రం అక్కరలేదు. బొమ్మ అసలు వస్తువును రూపంలో పోలి ఉండనక్కరలేదు. ఆ వస్తువుతో చేసే పనికి ఒదిగితే చాలు. పొయ్యి మీద గిన్నె నిలవాలి. అంగడిలో సరుకు చేతికి అందాలి. బస్సులో కూర్చోవడానికి చోటుండాలి. అంగడిలో కొన్న ప్లాస్టిక్ వంటగదిలో మీట నొక్కితే వంట ఉడికిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు చేయవలసిన పిల్లవాని నోరు అక్కడ మూగవోతుంది. అట్టపెట్టె పొయ్యికి చప్పుడు లేదు. ‘బుడబుడ’ అని ఉడికించవలసింది బిడ్డే.

ఇక పనిలోకి దిగుదాం. సరుకులు వచ్చే అట్టపెట్టెను అంచున చూస్తే రెండు చదునైన కాగితాల నడుమ అలలవలె ముడతలు పడిన మూడవ కాగితం కనిపిస్తుంది. తేలికైన పెట్టెకు అంత బలం ఆ ముడతల వల్లనే వచ్చింది. ముడతలు సాగిన దిక్కునే అట్ట సులభంగా మడతపడుతుంది. అడ్డంగా మడిస్తే విరిగి నలుగుతుంది. కనుక గోడలుగా నిలబడవలసిన ముక్కలలో ముడతలు నిలువుగా ఉండేటట్లు చూచుకోవాలి. ఎక్కడ మడవాలో అక్కడ సిరా అయిపోయిన పెన్ను మొనతో గట్టిగా గీత గీస్తే మడత తిన్నగా వస్తుంది. బ్లేడుతో, కత్తితో కోయడం పెద్దల పని. పిల్లలు చింపవచ్చు, అతికించవచ్చు, రంగు వేయవచ్చు.

అతికించడానికి మైదాపిండి జిగురు చాలు. ఒక వంతు పిండికి ఐదారు వంతుల నీరు కలిపి, ఉండలు కట్టకుండా సన్నని సెగపై చిక్కబడే వరకు కలపాలి. పుస్తకాలకు అట్టలు వేసేవారు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లల బొమ్మలకు వాడరాదు. చేసిన జిగురును రెండు మూడు రోజులలో వాడివేసి, అతికించిన బొమ్మను ఎండలో బాగా ఆరనిస్తే పురుగుల బెడద తగ్గుతుంది.

పొయ్యికి చెప్పుల పెట్టె సరిపోతుంది. మూతను అతికించి, పెట్టెను బోర్లించి, పైన లోటా అంచు పెట్టి రెండు వృత్తాలు గీసి నల్లరంగు వేయాలి. ముందువైపు తిప్పే మీటలు అతికించే కన్న గీయడమే మేలు. సీసా మూతలు అందంగా ఉంటాయి గాని, ఊడివచ్చి నోటిలోకి పోతాయి. గిన్నెలుగా ఇంటిలోని చిన్న స్టీలు గిన్నెలనే ఇవ్వవచ్చు. కూరగాయలకు పాత వార్తాపత్రికను నలిపి ఉండచేసి, పైన తెల్లకాగితం అతికించి, పసుపుతోనూ బీట్‌రూట్ రసంతోనూ రంగు వేస్తే టమాటా, నిమ్మకాయ సిద్ధమవుతాయి.

ఇన్నింటిలో నాకు అంగడి ఆట అమిత ప్రీతికరం. పెద్ద పెట్టెకు ముందుభాగాన కిటికీ కోసి, కోసిన ముక్కను బల్లలాగ బయటకు మడిస్తే అంగడి నిలిచింది. సరుకుల కొరకు బిస్కెట్ పొట్లాలు, టీపొడి డబ్బాలు, టూత్‌పేస్టు పెట్టెలు చాలు. ఖాళీ పెట్టె తూగి పడిపోతుంది. లోపల కాగితం కూరి మూత అతికిస్తే నిలబడుతుంది. తక్కెడకు బట్టలు తగిలించే హ్యాంగర్ రెండు కొసలకు రెండు కాగితపు పళ్ళాలను సమాన దూరంలో వేలాడదీసి, హ్యాంగర్ కొక్కెమును తలుపు గొళ్ళేనికి తగిలించాలి. రెండు పళ్ళాలు సమంగా నిలవకపోతే తేలికగా ఉన్న వైపు చిన్న కాగితపు ముక్క అతికించాలి. ఇది అలంకారం కొరకు చేసినది కాదు. ఒక వైపు రెండు చింతగింజలు, మరొక వైపు ఒకటి వేసి చూచిన నాలుగేండ్ల పిల్లకు ఎక్కువ తక్కువల సంగతి పలక మీద రాయకుండానే తెలుస్తుంది. అయితే చింతగింజలు మూడేండ్లు దాటినవారికే, అదీ పెద్దల కనుసన్నలలోనే.

అంగడిలో అసలు సరుకు మాటలు.

“ఏమమ్మా, టమాటాలు కిలో ఎంత?”

“వంద రూపాయలు అక్కా!”

“అబ్బో, మస్తు పిరం! యాభైకి ఇయ్యరాదూ?”

బేరమాడటం, కాదనడం, ఒప్పుకోవడం, చిల్లర ఇవ్వడం, ‘మల్ల రాండ్రి’ అని సాగనంపడం - ఒక భాషలోని మర్యాదలన్నీ ఈ కొద్ది మాటలలో ఉన్నాయి. ఇంటిలో ఒడియానో, హిందీనో వినే పిల్లలు అంగన్‌వాడీలో తెలుగు నేర్వడానికి పద్యం కన్న ఇటువంటి ఆట ముందుగా అక్కరకు వస్తుంది. తెలుగింట పుట్టి ఇంగ్లీషు పాటలు మాత్రమే వచ్చిన పిల్లలకూ అంతే. పద్యం నాకు ప్రాణమైనా ఈ మాట ఒప్పుకోక తప్పదు.

బస్సుకు పెద్ద పెట్టె పైమూత తీసివేసి ప్రక్కలకు కాగితపు చక్రాలు అతికిస్తే చాలు. నాలుగు పెట్టెలు వరుసగా పెడితే తెల్లాపూర్ పిల్లలకు అది ఎం.ఎం.టి.ఎస్. రైలు. ఫోనుకు సబ్బుపెట్టె. వైద్యుని ఆటకు అట్టబిళ్ళకు తాడు కట్టవచ్చు గాని ఆ తాడు జానెడుకు మించరాదు, మెడకు చుట్టుకొనే వీలు ఉండరాదు.

ఏ పెట్టె తీసుకోవాలనే దాని కన్న ఏది తీసుకోరాదనేది ఈ ప్రాంతంలో ముఖ్యం. పటాన్‌చెరు పరిసరాలలో ఔషధ, రసాయన పరిశ్రమలు అనేకం. వాటి నుంచి వచ్చే నీలిరంగు పీపాలు, డబ్బాలు, మందపాటి సంచులు పాతసామాను కొట్లలో చౌకగా దొరుకుతాయి. పెద్దపీపాను అడ్డంగా కోస్తే పిల్లలకు చక్కని పడవ అవుతుందని ఎవరికైనా తోచవచ్చు. ఎంత కడిగినా ఆ గోడలలో ఇంకిన రసాయనం పూర్తిగా పోయిందని చెప్పలేం. వాటిని బొమ్మలకు గాని, నీటి నిలువకు గాని వాడరాదు. పురుగుమందుల, ఫినాయిల్, స్నానాలగది శుభ్రపరచే ద్రవాల సీసాలకూ ఇదే నియమం. మందుల పెట్టెలను కూడా నేను వద్దంటాను. వాటిలో విషం లేకపోవచ్చు. కాని వైద్యుని ఆటలో మాత్రల పెట్టెతో ఆడిన బిడ్డకు నాయనమ్మ తలగడ కింది మాత్రల పెట్టె కూడా ఆటవస్తువే.

మిగిలిన జాగ్రత్తలు: పెట్టెలకు కొట్టిన ఇనుప పిన్నులను ఊడదీయాలి. చెప్పుల పెట్టెలో తేమ పీల్చే గుళికల పొట్లం ఉంటే పారవేయాలి. పాలిథిన్ సంచులు ఊపిరాడనీయవు కాబట్టి పిల్లలకు అందనీయరాదు. థర్మోకోల్ పొడిపొడిగా రాలి నోటిలోకి పోతుంది. పాటపాడే శుభాకాంక్షల అట్టలలో గుండీ వంటి బ్యాటరీ ఉంటుంది. మింగితే గంటల వ్యవధిలోనే ఆహారనాళాన్ని కాల్చివేస్తుంది. మూడేండ్లలోపు పిల్లల బొమ్మలలో చిన్నభాగాలను పరీక్షించడానికి ప్రయోగశాలలు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని వాడతాయి. అందులో పూర్తిగా ఇమిడిపోయేది గొంతుకు అడ్డుపడగలదు. నీళ్ళసీసా మూత కూడా అందులో ఇమిడిపోతుంది. ఇంటిలో ఆ గొట్టం ఉండదు గనుక పెద్దవారి రెండు వేళ్ళ వెడల్పు కన్న చిన్నదేదీ ఆ వయసువారికి ఇవ్వరాదని గుర్తుంచుకోవచ్చు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి అంగడిలో అమ్మే బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి అయింది. ఇంట చేసిన బొమ్మకు అటువంటి ముద్ర ఉండదు. చేసినవారి వివేకమే దాని ముద్ర.

చెత్తతో బొమ్మలు చేయడం ఒక ఉద్యమంగా మన దేశంలో సాగిందంటే అందులో అరవింద్ గుప్తా పాత్ర గణనీయమైనది. కాన్పూర్ ఐ.ఐ.టి.లో చదివిన ఈ ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు, పాత కాగితాలతో విజ్ఞానశాస్త్ర బొమ్మలు చేసి చూపాడు; 2018లో పద్మశ్రీ అందుకొన్నాడు. 2022 సెప్టెంబరులో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ వ్యర్థాలతో బొమ్మల తయారీకి ‘స్వచ్ఛ్ టాయ్‌కథాన్’ పేరుతో జాతీయస్థాయి పోటీ ప్రారంభించింది. ఇటువంటి పోటీలు మంచివే. కాని పోటీలో బొమ్మను చూచేది న్యాయనిర్ణేత. బల్ల మీద మెరిసేది గెలుస్తుంది. రెండేండ్ల బిడ్డ చేతిలో ఆ మెరుపు మొదట ఊడుతుంది.

మెరుపు గురించి మరొక మాట. అట్టపెట్టెకు మెరుపుకాగితం, ప్లాస్టిక్ టేపు, నూనెరంగు పూస్తే అది అట్టా కాదు, ప్లాస్టికూ కాదు. కాగితంగా మళ్ళీ మరపట్టడానికి పనికిరాక చెత్తకుప్పకు చేరుతుంది. పునర్వినియోగం పేరిట చేసిన పని ఆ పెట్టెకు ఉన్న మరుజన్మను తీసివేసినట్లయింది. కాగితంతో చేసినది కడదాకా కాగితంగానే ఉంటే మంచిది. గోడరంగుల డబ్బాలలో మిగిలినదాన్ని అసలే వాడవద్దు. రంగులలో సీసం పరిమితిని మన దేశంలో 2017 నవంబరు నుంచి పదిలక్షల భాగాలకు 90 భాగాలుగా నిర్ణయించారు; అంతకు ముందటి డబ్బాలలో ఎంత ఉందో చెప్పలేం.

జూనియర్ కళాశాలలో చదివే మీకు ఇంట తమ్ముళ్ళో, చెల్లెళ్ళో, అక్కబిడ్డలో ఉండవచ్చు. జాతీయ సేవా పథకం విద్యార్థులు అంగన్‌వాడీకి వెళ్ళి ఈ బొమ్మలు చేయదలిస్తే, చేసినవి మోసుకొనిపోక, ఖాళీ పెట్టెలు తీసుకొనిపోవాలి. ఏ పెట్టె ఏమవ్వాలో పిల్లలను అడగాలి. పొయ్యి అనుకొని మీరు పట్టుకొనిపోయిన పెట్టెను ఒకడు పెద్దపులి గుహ అనవచ్చు. అప్పుడు అది గుహే. ఆటలో పెద్దలకు తగిన పాత్ర కొనేవాడిది, రోగిది, అతిథిది. అంగడి యజమానిది కాదు. ఉత్తుత్తి చాయ్ చేతికిస్తే ఊది తాగి, చక్కెర తక్కువైందని చెప్పాలి. ఆ తరువాత కథను వారు నడుపుతారు.

అట్టబొమ్మ ఆయుష్షు వారమో, పది రోజులో. తడిసినా, నలిగినా, బొద్దింకలు చేరినా తీసివేయాలి. అయితే పిల్లలకు చెప్పకుండా రాత్రివేళ మాయం చేయరాదు. అంగడి మూసివేస్తున్నామని చెప్పి, సరుకులు ఖాళీ చేయించి, వారి చేతనే పెట్టెను విప్పించి చదును చేయించాలి. చదునుచేసిన అట్టలను కట్టగట్టి పొడిగా ఉంచితే పాతసామాను కొనేవాడు తూకానికి తీసుకొనిపోతాడు. అతని తక్కెడ సరిగా తూగుతున్నదో లేదో తమ తక్కెడతో పోల్చిచూడాలని నాలుగేండ్ల పిల్ల పట్టుపట్టవచ్చు.